ఉద్యోగానికి అక్కరలేని విద్య

పరాయి దేశంలో ఉద్యోగం చేసుకునేవారి చదువులన్నీ ఏదో ఒక అవసరానికి కట్టుబడి ఉంటాయి. భాష నేర్చుకుంటే ఇంటర్వ్యూ కోసం, కొత్త సాఫ్ట్‌వేర్ నేర్చుకుంటే రాబోయే ప్రాజెక్టు కోసం, కారు నడపడం నేర్చుకుంటే ఆఫీసుకు చేరడం కోసం. వీసా ఉద్యోగంతో ముడిపడి ఉన్నప్పుడు, ఆ ఉద్యోగం పోతే ఎన్ని రోజుల్లో సామాను సర్దుకోవాలన్న లెక్క మనసులో ఒక మూల ఎప్పుడూ నడుస్తున్నప్పుడు, పనికొచ్చే విద్యకు తప్ప దేనికీ సమయం ఇవ్వకూడదన్న నియమాన్ని మనకు మనమే పెట్టుకుంటాం. నడివయసుకు దగ్గరపడ్డాక కుట్టుమిషన్ ముందు కూర్చోవడంతో నేను ఆ నియమాన్ని దాటాను. ఈ విద్య నా రెజ్యూమెలోకి ఎక్కదు, దీని గురించి నా పై అధికారికి చెప్పవలసిన పనీ లేదు. నాకు అన్నిటికన్నా నచ్చిన సంగతి అదే.

మొదట్లో నా కోరిక చిన్నది. రెడీమేడ్ చొక్కా భుజాల దగ్గర సరిపోతే చేతులు అరచేతుల మీదికి వచ్చేవి; చేతులు సరిపోతే ఛాతీ దగ్గర బిగిసేది. రెడీమేడ్ కొలతలు ఎవరో ఒక సగటు మనిషివి కాబట్టి ఇందులో ఎవరి తప్పూ లేదు. చేతులు కురచ చేసుకోవడం వస్తే చాలనుకుని, ఆఫీసు అయ్యాక సాయంత్రాలు నడిచే ఒక తరగతిలో చేరాను. ఆల్టరేషన్ నేర్చుకోవడానికి వెళ్ళినవాణ్ణి కత్తిరింపు దగ్గర ఆగిపోయాను.

బట్టను పడుగు (నిలువు) దారాల వెంట లాగితే దాదాపు సాగదు, పేక (అడ్డ దారాల) వైపు కొద్దిగా సాగుతుంది, రెండింటికీ మధ్య 45 డిగ్రీల ఏటవాలులో లాగితే చక్కగా సాగి ఒంటి మీద జారుతుంది. దర్జీలు క్రాస్ అని పిలిచే ఈ ఏటవాలు కోత మీదే ఫ్రాన్స్‌కు చెందిన దుస్తుల రూపకర్త మాడ్లెన్ వియోనే 1920లలో, 1930లలో తన పేరును నిలబెట్టుకున్నారు. ఇన్నేళ్ళూ ఒంటి మీద బట్టలు వేసుకుని తిరిగిన నేను వాటికి ఒక దిక్కు ఉంటుందని గమనించనేలేదు. అది తెలిశాక, పాత చొక్కా ఒకదాన్ని కుట్లు ఊడదీసి, ముక్కలన్నీ బల్ల మీద పరిచి, ఏ ముక్క ఏ దిక్కున కోశారో చూస్తూ ఒక సెలవు రోజంతా గడిపాను.

అన్నిటికన్నా నన్ను కట్టిపడేసింది చొక్కాకు చెయ్యి అతికించడం. విడిగా కత్తిరించి అతికించే చెయ్యి పైభాగపు వంపు, అది వెళ్ళి కూర్చోవలసిన చంక చుట్టుకొలత కన్నా కొంచెం పొడవుగా ఉంటుంది. భుజం గుండ్రంగా ఉంటుంది కనుక ఆ అదనపు బట్ట అక్కడ కావాలి. కానీ పైకి ఒక్క ముడత కూడా కనిపించకూడదు. అందుకోసం అంచు దగ్గర మార్జిన్‌లో రెండు వరుసలు పొడవైన కుట్లు వేసి, దారాల కొసలు మెల్లగా లాగుతూ, పోగైన బట్టను వేలికొసలతో అటూ ఇటూ సర్దాలి. ఆపైన గుండుసూదులు గుచ్చి, కచ్చాకుట్టు వేసి, అప్పుడు మిషన్ మీదికి తీసుకెళ్ళాలి. కుట్టు పూర్తయ్యాక ఇస్త్రీ పెట్టెను ఈడ్చకుండా ఎత్తి ఎత్తి అదిమితే, అంతవరకు చదునుగా ఉన్న బట్ట భుజం ఆకారం తెచ్చుకుంటుంది. ఒక బీమా సంస్థ కోసం రోజంతా అంకెల పట్టికలు సరిచూసే ఉద్యోగం నాది. నేను సరిచూసిన అంకె మరో పదిమంది చేతులు దాటి ఎవరి నిర్ణయంలో కలిసిపోతుందో నాకు తెలియదు. ఈ భుజం మాత్రం నేను నిలబెట్టినది. కాలర్ ఎంత వెడల్పుండాలో, జేబు ఎక్కడ రావాలో ఎవరి ఆమోదమూ అక్కరలేకుండా నేనే నిర్ణయించాను.

మిషన్ కూడా అర్థమయ్యేకొద్దీ ఇష్టమైంది. సూది కిందికి దిగి, తిరిగి లేవబోతుండగా దాని పక్కన దారం చిన్న ఉచ్చులా వదులవుతుంది. కింద తిరిగే కొక్కెం ఆ ఉచ్చును పట్టి, కింది దారం చుట్టి ఉండే చిన్న ఉండ అయిన బాబిన్ చుట్టూ తిప్పుతుంది. రెండు దారాలూ బట్ట మందంలో మధ్యన ముడిపడతాయి. బట్ట అడుగున దారం చిక్కులు పడితే అందరూ బాబిన్‌నే అనుమానిస్తారు గానీ, చాలాసార్లు లోపం పై దారం సరిగా ఎక్కించకపోవడంలో ఉంటుంది. మొన దగ్గర కన్ను ఉన్న సూదితో, రెండు దారాలతో పనిచేసే మిషన్‌కు ఇలియాస్ హౌ 1846లో అమెరికాలో పేటెంట్ పొందాడు. సొంతగడ్డ మీద కొనేవారు దొరకక ఇంగ్లండ్ వెళ్ళి, లండన్‌లో ఒక కార్సెట్ తయారీదారు దగ్గర పనిచేసి, అక్కడ పొసగక చేతిలో డబ్బు లేకుండా తిరిగివచ్చాడు. తరువాత తన పేటెంటును వాడుకుంటున్నవారి మీద కోర్టులో గెలిచి సంపన్నుడయ్యాడు. పని వెతుక్కుంటూ సముద్రం దాటిన మనిషి కనుక అతని కథ నాకు దగ్గరగా అనిపిస్తుంది.

అయితే వలస వచ్చినవారికీ కుట్టుమిషన్‌కూ ఉన్న బంధంలో ఇష్టం కన్నా అవసరమే ఎక్కువ. 1911 మార్చి 25న న్యూయార్క్‌లోని ట్రయాంగిల్ షర్ట్‌వెయిస్ట్ అనే, ఆడవారి బ్లౌజులు కుట్టే ఫ్యాక్టరీలో మంటలు చెలరేగి 146 మంది చనిపోయారు. వారిలో ఎక్కువమంది ఇటలీ నుంచి, తూర్పు ఐరోపాలోని యూదు కుటుంబాల నుంచి వచ్చిన యువతులు. బయటికి పోయే తలుపు ఒకటి తాళం వేసి ఉంది. సరదాకు కుట్టుకుంటున్న నేను ఈ సంగతి మరచిపోకూడదని అనుకుంటాను.

మా తరగతికి వచ్చే ఒక పెద్దావిడ వల్ల ఇది నాకు ఇంకా బాగా తెలిసింది. ఆవిడా నాలాగే వేరే దేశం నుంచి వచ్చినవారు. చాలాకాలం బట్టల ఫ్యాక్టరీలో పనిచేశారు. ఆ లైనులో ఆవిడ పని కాలర్లు కుట్టడం మాత్రమే. ఆవిడ చేతి నుంచి కాలర్ పక్కవారి దగ్గరకు వెళ్ళేది, చొక్కా ఎక్కడో పూర్తయ్యేది. ఆవిడ కాలర్ మూల తిప్పే తీరు చూసి తీరాలి: మొన దగ్గర సూదిని బట్టలోనే ఉంచి, బట్టను అదిమిపట్టే ఫుట్ ఎత్తి, బట్ట తిప్పి, ఏటవాలుగా ఒక్క కుట్టు వేసి, మళ్ళీ తిప్పి సాగిపోతారు. ఆ ఒక్క కుట్టు వల్ల మూల తిరగేశాక బట్ట గుట్టపడదు. ఇంత పనితనం ఉన్నా తన చేతుల మీదుగా మొత్తం చొక్కా ఒక్కటీ తయారు కాలేదని, అందుకే ఈ తరగతికి వచ్చానని ఆవిడ చెప్పారు. నేను ఆవిడ దగ్గర కాలర్ నేర్చుకున్నాను. చెయ్యి అతికించేటప్పుడు ఆవిడ నా పక్కకు వచ్చి కూర్చున్నారు. ఇద్దరికీ ఉమ్మడి భాష అరకొరగానే వచ్చినా పని ఆగలేదు.

అప్పటి నుంచి కొన్న చొక్కాను కూడా వేరుగా చూస్తున్నాను. బట్ట మెత్తగా వంగిపోయేది కనుక దాన్ని సూది కిందికి నడిపించడంలో చాలా భాగం ఇప్పటికీ మనిషి చేతులే చేస్తున్నాయి. చౌకగా దొరికే ప్రతి చొక్కాలోనూ ఆ చేతుల కాలం ఉంది.

దీనివల్ల ఉపయోగమేమిటని మా ఆఫీసులో ఒక మిత్రుడు అడిగేవాడు. నాకు సరిపోయే చొక్కాలు వచ్చాయని చెప్పడం తేలికే గానీ, ఒక చొక్కాకు పట్టే గంటలు లెక్కిస్తే ఆ జవాబు నిలబడదు. నా ఇష్టానికి మించిన ప్రయోజనం దీనికి లేదని అతనికి చెప్పాను. ఈ మధ్య అతనే నేర్పమన్నాడు. మొదట దారం ఎక్కించకుండా, గీతల కాగితం మీద ఆ గీతల వెంటే మిషన్ నడపమన్నాను. చెయ్యి కుదురుకున్నాక జారిపోని, మరీ పలచన కాని కాటన్ బట్ట తీసుకుని, ముందే ఉతికి ఆరవేసి, అప్పుడు కత్తెర పట్టమన్నాను.