వాకిట్లో నిలబడ్డ పెద్దకొడుకు

లూకా సువార్త 15వ అధ్యాయంలో యేసు చెప్పిన తప్పిపోయిన కొడుకు కథ మీద ప్రసంగం అంటే చాలావరకు చిన్నకొడుకు గురించే. వాడు తన వాటా పట్టుకుని దూరదేశం పోయి, అంతా పాడుచేసుకుని పందులు మేపాడు. తిరిగొస్తే తండ్రి విందు చేశాడు. పందుల దగ్గర నుంచి వాడు ఇల్లు చేరేసరికి టైమైపోతుంది. కానీ యేసు ఆ ఉపమానం చెప్పింది, పాపులతో కలిసి భోంచేస్తున్నాడని సణిగిన పరిసయ్యులకు, శాస్త్రులకు, అంటే ధర్మశాస్త్రం తు.చ. తప్పక పాటిస్తామనుకునే యూదు మతపెద్దలకు. వాళ్లకు తగలాల్సింది 25వ వచనం నుంచి వచ్చే పెద్దకొడుకే, తమ్ముడి విందుకు కోపమొచ్చి లోపలికి రానని వాకిట్లోనే నిలబడ్డవాడు.

పంపకం చూడండి. తండ్రి ఆస్తిని ఇద్దరికీ పంచాడని 12వ వచనం చెబుతుంది. ద్వితీయోపదేశకాండము 21:17 ప్రకారం జ్యేష్ఠునికి రెండు పాళ్లు. అంటే మూడు భాగాలు చేసి, రెండు పెద్దవాడికి, ఒకటి చిన్నవాడికి. చిన్నవాడు తనది అమ్ముకుని పోయాడు. ఇక దొడ్లో మిగిలిన ప్రతి మేకా పెద్దవాడికి రావాల్సిందే. అయినా "ఒక మేకపిల్లనైనా ఇవ్వలేదే" అంటాడు. ఇన్నేండ్లు సేవ చేశాను, నీ మాట ఎప్పుడూ దాటలేదు అని లెక్క చెబుతాడు. జీతగాడు ఉగాదికి లెక్క చూసుకున్నట్టుంది ఆ మాట. తమ్ముణ్ణి "నీ కొడుకు" అంటాడు. "నీ తమ్ముడు" అని తండ్రి దిద్దుతాడు.

గర్వమంటే గొప్పలు చెప్పుకోవడం ఒక్కటే కాదు. దేవుని దగ్గర నాకు బాకీ ఉందనుకోవడమే దాని వేరు. ఏదెను తోటలో పండు తినకముందే ఆదాము హవ్వల మనసు లోపల దేవుని నుంచి తిరిగిపోయిందని తొలినాటి సంఘ బోధకుడు అగస్టీన్ బోధించింది ఇందుకే. ఎడబాటుకు దూరదేశం పోనక్కర్లేదు. పెద్దవాడు పొలం దాటకుండానే తండ్రికి దూరమయ్యాడు.

ఇక్కడ తండ్రి చేసింది గమనించాలి. పనివాళ్లను పంపి ఈడ్చుకు రమ్మనలేదు. తనే బయటికొచ్చి బతిమాలాడు. మనిషి కృప లేకుండా, అంటే దేవుడు ఉచితంగా ఇచ్చే సాయం లేకుండా, తన బలంతోనే నీతిగా బతకగలడన్న బోధకుడు పెలాగియస్ మాటను 418లో కార్తేజులో కూడిన సంఘ పెద్దల సభ తోసిపుచ్చింది. 529లో ఫ్రాన్సులోని ఆరెంజ్ ఊళ్లో కూడిన సభ, మొదటి అడుగు కృపదే అంటూనే, దేవుడు ఎవరినీ కీడుకు నియమించడనీ చెప్పింది. ముందు వాకిట్లోకి వచ్చేది తండ్రే. అయినా "రాను" అనే వీలు కొడుక్కి ఉంది. ఆ వీలు దేవుడు తీసేసుకోడు, అదే నాకు భయం.

మన సంగతికొద్దాం. కడపలో లండన్ మిషన్ అనే మిషనరీ సంఘం పని 1822లో మొదలైంది. అలా తాతల నాటి నుంచి వచ్చిన విశ్వాసం నిజంగా ఆశీర్వాదమే. కానీ నిన్నమొన్న బాప్తిస్మం తీసుకున్నవాడు ముందు వరుసలో కూర్చుంటే మనకు నొప్పి పుడితే, మనం ఆ వాకిట్లోనే ఉన్నట్టు.

అన్నదమ్ములు గట్టు తగాదాతో మాటలు మానేసి, ఇద్దరూ ఏండ్ల తరబడి బల్లలో, అంటే రొట్టె, ద్రాక్షారసం తీసుకునే ప్రభు సంస్కారంలో, చెయ్యి వేయకుండా కూర్చోవడం మన ఊళ్లలో ఉన్నదే. అది భక్తి అనుకుంటారు. పౌలు చెప్పింది పరీక్షించుకుని తినమని (1 కొరింథీ 11:28), పరీక్షించుకుని మానేయమని కాదు. సంస్కారపు ఆదివారానికి ముందే మాటలు మానేసిన మీ అన్నదమ్ముడి దగ్గరికి వెళ్లండి. పెద్దమనుషుల్ని వెంటేసుకుపోతే అది పంచాయితీ అవుతుంది, ఒక్కరే పోవాలి. మీ తప్పు ఏదో పేరుపెట్టి చెప్పండి, "కానీ నువ్వు కూడా" అని తోక తగిలించొద్దు. అవతలివాడు తలుపు తీయకపోవచ్చు, వాడికీ ఇష్టాయిష్టాలున్నాయి. రోమా 12:18 అడిగేది మీ చేతనైనంత మట్టుకే. అంతవరకు చేసి, వాడి జవాబు కోసం ఆగకుండా బల్ల దగ్గరికి రండి.