పచ్చ కళ్ళు

రాత్రి పదకొండున్నర. పడుకున్నదాన్ని లేచి వచ్చి కూర్చున్నాను. పెద్ద విషయమేం కాదు. ఒక పిట్ట కళ్ళు ఏ రంగు అన్నదే.

ఇవాళ ఇక్కడ ఫ్లోరిడాలోనే మెరిట్ ఐలాండ్ వెళ్ళాం. అమ్మ ఈ నెలాఖరుకి ఇండియా వెళ్ళిపోతోంది. ఆవిడ మోకాళ్ళ సంగతి మీకు తెలిసిందే, కారు దిగక్కర్లేని చోటే కావాలి. అక్కడ బ్లాక్ పాయింట్ అని ఏడు మైళ్ళ మట్టిరోడ్డు ఉంది. అటూ ఇటూ చిత్తడి, కార్లో కూర్చునే పిట్టల్ని చూసుకోవచ్చు. ఈయన డ్రైవింగ్, చింటూ ముందు సీట్లో ఫోనుతో, వెనకాల నేనూ అమ్మా గారెల డబ్బా.

గులాబీరంగు స్పూన్‌బిల్ కనబడగానే ముందున్న కార్లన్నీ ఆగిపోయాయి. అమ్మ దాన్ని ఒక్కసారి చూసి "గరిటె మూతి" అని తేల్చేసింది. ఆవిడ చూపంతా జమ్ము మీద ఊగుతున్న నల్లపిట్టల మీదే.

"కాకులే. తోక చూడు, ఎంతుందో!"

"కాకి కాదు అమ్మమ్మా, బోట్‌టెయిల్డ్ గ్రాకుల్," అన్నాడు చింటూ, ఫోనులోంచి తల ఎత్తకుండా.

"న్యూజెర్సీలో మీ మామయ్యావాళ్ళ దగ్గర బీచిలో చూశాన్రా వీటిని. వాటికి పచ్చ కళ్ళు. వీటికేంటి నల్లగా ఉన్నాయి?"

"గ్రీన్ ఐసా? కాంటాక్ట్ లెన్సులు పెట్టుకున్నాయేమో!"

ఈయన నవ్వారు. నేనూ నవ్వాను. "అది వేరే పిట్టయి ఉంటుందిలే అమ్మా" అన్నాను. ఆవిడ కిటికీ వైపు తిరిగింది. అంతే, అక్కడితో అయిపోయింది.

తర్వాత కారు ఆపుకుని గారెలు తింటుంటే ఒక ముక్క కింద పడింది. ఎక్కడ చూస్తోందో ఏమో, గోధుమరంగు ఆడపిట్ట ఒకటి టక్కున వచ్చి ముక్క ఎత్తుకుని, పక్కనున్న నీళ్ళ గుంటలో రెండుసార్లు ముంచి, మెత్తబడ్డాక మింగింది. "ఒసే, ఆవడ చేసుకుంటోందే!" అని అమ్మ పకపకా నవ్వింది. ఈ ఆర్నెల్లలో ఆవిడ అలా నవ్వడం ఇదే మొదలు.

అప్పుడొచ్చాడు ఆ పెద్దమనిషి. మోచేతి నుంచి వేళ్ళ దాకా ఉన్నంత లెన్సు, ఒంటి నిండా జేబులు. ఇక్కడ జంతువులకి తిండి పెట్టకూడదన్నాడు. పెట్టలేదు, పడిపోయిందన్నాను. పెట్టకూడదు అని మళ్ళీ అన్నాడు, ఈసారి చిన్నపిల్లలకి చెప్పినట్టు ఒక్కో మాటా విడదీసి. సరే అన్నాను. అక్కడితో పోతాడా? అయినా అది చూడదగ్గ పిట్టేం కాదు, ఉత్త గ్రాకుల్, పార్కింగు లాట్ల పిట్ట, అసలు పిట్టలు అటు వైపున్నాయి అని దారి చూపించాడు. అమ్మ ఆయన్ని చూసి నమస్కారం పెట్టింది! నాకు ఒళ్ళు మండిపోయింది. దారంతా ఆయనకి చెప్పాల్సిన జవాబులు మనసులోనే చెప్పుకుంటూ వచ్చాను. స్టాపు సైను దగ్గర ఒక మంచి జవాబు తట్టింది కూడా. ఈయనకి చెప్తే, "రూలు రూలేగా, ఆయనన్నదాంట్లో తప్పేముంది?" అన్నారు. ఈయన సంగతి మీకు తెలుసు.

నిజానికి తప్పేం లేదు. తిండి పెట్టకూడదు. పైగా ఆ పిట్టంటే నాకేమైనా ప్రేమా? కూరలకి వెళ్ళే కొట్టు ముందు చెట్లనిండా అవే. జీబ్ జీబ్ జీబ్ అని ఒకటే గోల, మధ్యమధ్యలో తలుపు బందు కిర్రుమన్నట్టు, కారు కడిగించిన రోజే పైన తెల్ల సున్నం. మగవి మరీనూ. నీలం మెరుపు నలుపు, పడవ అడుగులా మడిచిన తోక, ముక్కు ఆకాశానికెత్తి ఒకదాన్నొకటి అలా చూసుకుంటూ నిలబడతాయి. గూడు కట్టేదీ, జమ్ములో నీళ్ళపైన బురద మెత్తి గుడ్లు పొదిగేదీ, పిల్లల్ని మేపేదీ ఆడదే, అదేమో మగదాంట్లో సగం బరువు. ఒక్క మగది గుంపు గూళ్ళన్నిటికీ కాపలా ఉండి అన్నీ నావే అనుకుంటుందట. తీరా డి.ఎన్.ఏ. పరీక్ష చేస్తే నాలుగో వంతు పిల్లలే దానివి. ఆడవి బయటికి వెళ్ళి వస్తున్నాయి. ఇది చదివి అర్ధరాత్రి ఒక్కదాన్నే నవ్వుకున్నాను.

ఇదంతా ఎందుకు చదివానంటే ఆ పెద్దమనిషి మీద కోపంతోనే. ఆ పిట్ట గొప్పదని రుజువు చేసి పడుకుందామని. కానీ చదువుతుంటే ఆయన వెనక్కి పోయి మా మేడ గుర్తొచ్చింది.

కాకినాడలో వేసవి. మేడ మీద చాపలు పరిచి మాగాయ ముక్కలు ఎండబెట్టేది అమ్మ. కాపలా నాది, చేతిలో కర్ర, నెత్తిన తడిగుడ్డ. ఎనిమిదేళ్ళుంటాయేమో. ముక్కకి కాకి ముక్కు తగిలితే జాడీ మొత్తం పాడైపోతుందని నాన్నమ్మ భయపెట్టేది. ఒకరోజు పక్కింటి మామిడిచెట్టులో నల్లటిది ఒకటి కదలకుండా కూర్చుంది. కాకే, అదను కోసం చూస్తోందని కంకర రాళ్ళు ఏరుకుని విసరడం మొదలెట్టాను. మూడోదో నాలుగోదో వాళ్ళ రేకుల మీద ధనామని పడింది. వాళ్ళు అరుపులు, నాన్న కిందనుంచి కేకలు. అమ్మ పైకొచ్చి నా చేతిలో రాళ్ళు తీసి పిట్టగోడ మీద పెట్టింది. కొట్టలేదు. చెట్టువైపు నా గడ్డం తిప్పి, "నల్లగా ఉన్నదల్లా కాకేనా? కళ్ళు చూడు" అంది. చూశాను. దానిమ్మ గింజల్లా ఎర్రటి కళ్ళు. కోయిల. "ఏ పిట్టనైనా ముందు కళ్ళు చూడాలే" అంది. ఇంతలో అటు చాప మీంచి నిజం కాకి రెండు ముక్కలు ఎత్తుకుపోయింది, అది వేరే సంగతి.

అలాంటి మనిషి ఇవాళ కళ్ళు చూసి చెప్తే నేను నవ్వాను.

చూస్తే ఏముంది? ఫ్లోరిడాలో ఈ పిట్టలకి ముదురు కళ్ళే. అదే జాతి, పైన అట్లాంటిక్ తీరం వెంబడి న్యూజెర్సీ, న్యూయార్క్ దాకా ఉన్నవాటికి లేత పసుపు. పసుపు! మా ఇంట్లో పచ్చ అంటే ఎప్పుడూ పసుపే. పచ్చటి మేనిఛాయ, పచ్చకామెర్లు. చింటూకి తెలుగు బడిలో పచ్చ అంటే గ్రీన్ అని నేర్పారు, వాడినేమీ అనను. నాకేమొచ్చింది? నాకు పచ్చకామెర్లంటే తెలుసుగా!

తమ్ముడు చూపించింది కామన్ గ్రాకుల్ కూడా కావచ్చు, దానికీ పసుపు కళ్ళే. కానీ ఇంత తోక అని అమ్మ చేత్తో చూపించింది. తోక విషయంలో ఆవిణ్ణి నమ్ముతాను.

కాకి విషయంలోనూ మనసు మార్చుకున్నాను. కాకులకీ వీటికీ చుట్టరికం లేదు, ఈ కుటుంబమే అమెరికా ఖండాల్లో తప్ప ఇంకెక్కడా లేదు, అది నిజమే. కానీ గ్రాకుల్ అన్న మాట లాటిన్‌లో ఒక చిన్నకాకి పేరులోంచి వచ్చింది. జీవులన్నిటికీ శాస్త్రం పేర్లు పెట్టిన లిన్నేయస్ 1758లో కామన్ గ్రాకుల్‌నీ మన కొండ గోరింకనీ కలిపి గ్రాకులా అనే ఒకే గూట్లో పెట్టాడు. ఆయనకో న్యాయం, మా అమ్మకో న్యాయమా?

ఇంకొకటి కూడా చదివాను, చదవకుండా ఉండాల్సింది. ఆ చిత్తడిలోనే డస్కీ సీసైడ్ అని ఒక పిచ్చుక ఉండేదట. దోమలు పెరక్కుండా కట్టలు కట్టి నీళ్ళు నిలబెట్టారు, దాని గడ్డి పోయింది. ఆఖరిది 1987లో బోనులో పోయింది. మేం గారెలు తింటూ తిరిగిన రోడ్డు ఆ కట్టలమీదిదే. గ్రాకుల్‌కి మాత్రం జమ్మూ ఒకటే, పార్కింగు లాటూ ఒకటే. అలా బతికినందుకే ఆ పెద్దమనిషికి లోకువైందేమో. నాకూ లోకువే అనుకోండి, రేపు కారు మీద పడితే మళ్ళీ తిడతాను.

ఇప్పుడే మంచినీళ్ళకని లేస్తే అమ్మ గదిలో లైటుంది. తలుపు తోశాను.

"అమ్మా, ఆ పిట్టకి పచ్చ కళ్ళేనట, న్యూజెర్సీలో."

"నేను చెప్పిందదేగా," అంది. "ఆ లైటు తీసేసి పో."