గుర్రం కనిపిస్తే బిషప్ ఇచ్చేసేదాన్ని

నాకు చెస్ నేర్పింది పెదనాన్న. ఎత్తులు చూపించిన మొదటి రోజే చెప్పారు, "గుర్రాన్ని నమ్మకు తల్లీ, ఎటు నుంచి వచ్చి తంతుందో తెలీదు" అని. ఆయన ఆట కూడా అలాగే ఉండేది. ఎదుటివాళ్ల గుర్రం నాలుగడుగులు ముందుకొచ్చిందంటే చాలు, బిషప్‌ని ఇచ్చేసైనా దాన్ని బోర్డు మీద నుంచి తీసేసేవారు. తీసేశాక కుర్చీలో వెనక్కి వాలి ఒక నిట్టూర్పు.

(బిషప్‌ని ఒంటె అనేవాళ్లున్నారు, శకటు అనేవాళ్లున్నారు. నేను బిషప్ అనే రాస్తాను. గుర్రం మాత్రం అందరికీ గుర్రమే. బిషప్ ఐమూలగానే నడుస్తుంది, గుర్రం రెండు గడులు ఒక వైపు, ఒకటి పక్కకి దూకుతుంది. గడికి పేరు ఒక అక్షరం, ఒక అంకె: ఎడమ నుంచి కుడికి ఏ నుంచి హెచ్, తెల్లవాడి వైపు నుంచి 1 నుంచి 8.)

ఆ అలవాటు నాకూ వచ్చింది. చిన్నప్పుడు ఎన్నిసార్లు సి2 గడిలోకి గుర్రం దూకి, ఒకే దెబ్బకి రాజుకి చెక్ చెప్పి మూలనున్న ఏనుగుని ఎత్తుకుపోయిందో లెక్కలేదు. ఆ భయంతో ఎదుటి గుర్రం కనబడగానే నా బిషప్‌ని దాని మీదికి తోలేసేదాన్ని. బంటుకి ఒక పాయింటైతే ఈ రెండూ మూడేసి పాయింట్లే కదా, పోయిందేముంది అనుకునేదాన్ని.

ఏం పోతోందో తెలిసింది ఒక ఆన్‌లైన్ ఆటలో. నావి నల్లపావులు, ఆరంభం ఫ్రెంచ్ డిఫెన్స్. బి4లో ఉన్న బిషప్‌తో సి3లోని గుర్రాన్ని తీసేశాను, మామూలే. అటువైపు బిషప్‌తో తిరిగి తీసుకున్నాడు. తర్వాత ఒక్కొక్కటిగా పావులన్నీ మారిపోయి, చివరికి అతనికొక గుర్రం, నాకొక బిషప్ మిగిలాయి. నా బిషప్ తెల్లగడులది, అంటే ఎప్పటికీ తెల్లగడుల మీదే నడిచేది, డి7లో ఉంది. నా బంట్లు ఏ6, బి5, డి5, ఈ6, ఎఫ్7. ఒకసారి బోర్డు పెట్టుకుని చూడండి, అవన్నీ తెల్లగడులే. సొంత బంట్లే నా బిషప్ చుట్టూ గోడ కట్టాయి.

అతని గుర్రం వచ్చి డి4లో కూర్చుంది. డి4 నల్లగడి. నా తెల్లగడుల బిషప్ జన్మలో దాన్ని తాకలేదు. అదేమో అక్కణ్నుంచి బి5నీ ఈ6నీ ఒకేసారి చూస్తోంది. ఇక అతని రాజు నడక మొదలుపెట్టాడు. సి3, బి4, సి5, బి6. ఆ నాలుగూ నల్లగడులే. నా రాజు ఇంకా జి7లోనే ఉన్నాడు, నా బిషప్ పక్కనే నిలబడి చూస్తోంది కానీ ఒక్క అడుగునీ ఆపలేదు. ఆ నల్లగడులు కాయాల్సిన బిషప్‌ని నేనే కదా, పన్నెండో ఎత్తులోనో ఎప్పుడో, గుర్రం భయంతో ఇచ్చేసింది! ఏ6 బంటు పోయింది, ఆ వెనకే ఆటా పోయింది.

అప్పటి నుంచి ఈ రెండు పావుల సంగతి కాస్త శ్రద్ధగా చూడటం మొదలుపెట్టాను.

అంకెల్లో బిషప్‌దే పైచేయి. ఖాళీ బోర్డు మీద మధ్యలో, డి4లో పెడితే బిషప్‌కి 13 గడులు అందుతాయి, గుర్రానికి 8. మూలకి తోస్తే బిషప్‌కి ఇంకా 7 ఉంటాయి, గుర్రానికి 2 మిగులుతాయి. ఏ1 నుంచి హెచ్8కి బిషప్ ఒక్క ఎత్తులో వెళ్తుంది, గుర్రానికి ఆరు కావాలి. అయితే బిషప్ ఎంత దూరం పరిగెత్తినా 32 గడులు దాటి బయటికి రాలేదు. మిగతా 32 గడులు దానికి లేనట్టే. గుర్రం కుంటుతూ వెళ్లినా 64 గడులూ తిరుగుతుంది. నా ఫ్రెంచ్ ఆట పోయింది ఈ తేడా దగ్గరే.

బిషప్ గుర్రాన్ని బందీ చేయడం ఎప్పుడైనా చూశారా? నాకు చెస్‌లో బాగా నచ్చిన బొమ్మ అది. గుర్రాన్ని అంచున ఏ5లో పెట్టండి. అక్కణ్నుంచి దానికి నాలుగే దారులు: బి3, సి4, సి6, బి7. ఇప్పుడు ఎదుటి బిషప్‌ని డి5లో పెట్టండి. ఒక వైపు సి4, బి3. ఇంకో వైపు సి6, బి7. నాలుగు దారులూ మూసుకున్నాయి. గుర్రం కదిలితే పోతుంది, కదలకపోతే రాజు తీరిగ్గా నడిచొచ్చి తీసుకెళ్తాడు. మూడు గడుల దూరంలో, ముట్టుకోకుండా, కూర్చున్నచోటి నుంచే! దీన్ని మొదటిసారి చూసినప్పుడు నేను పావులు తీసి మళ్లీ పెట్టి లెక్క చూసుకున్నాను.

ఇది ఎండ్‌గేమ్‌లో, అంటే పావులు తగ్గిపోయిన చివరి దశలో, ఎంత దూరం వెళ్తుందో చూడాలంటే 1971లో వాంకూవర్‌లో అమెరికన్ ఫిషర్, సోవియట్ ఆటగాడు తైమనోవ్‌ల మధ్య జరిగిన క్యాండిడేట్స్ (ప్రపంచ చాంపియన్‌తో తలపడేదెవరో తేల్చే పోటీ) మ్యాచ్ నాలుగో ఆట చూడాలి. ఫిషర్ 6–0తో గెలిచిన మ్యాచ్ అది. ఆ ఆటలో ఫిషర్‌కి బిషప్, తైమనోవ్‌కి గుర్రం. రెండు వైపులా బంట్లున్నాయి. బిషప్ దూరం నుంచే రెండు వైపులా పని చేస్తుంటే గుర్రం కాపలా కాయడానికే సరిపోయింది. చివర్లో ఫిషర్ ఆ బిషప్‌ని జి6 బంటు కోసం ఇచ్చేసి, రాజుతో వెళ్లి అటువైపు బంట్లని తినేశాడు. అప్పుడు కదిలిన బంట్లని ఆపడానికి గుర్రం కాళ్లు చాల్లేదు.

గుర్రానికి ఇంకో జబ్బుంది. దానికి ఆగడం తెలీదు. కదిలిన ప్రతిసారీ గడి రంగు మారిపోతుంది, అందుకని ఒక ఎత్తు ఊరికే పోగొట్టుకుని అదే చోటికి రావడం దానివల్ల కాదు. తెల్లరాజు ఏ8లో ఇరుక్కుని, ముందు ఏ7లో సొంత బంటు ఉందనుకోండి. నల్లరాజు సి7, సి8 మధ్య అటూ ఇటూ తిరుగుతూ అతన్ని బయటికి రానివ్వడు. తెల్లవాడికి తోడు ఒక గుర్రం. తెల్లవాడి ఎత్తు వచ్చేసరికి గుర్రం, నల్లరాజు ఒకే రంగు గడుల్లో ఉన్నాయా, ఇక అంతే. గుర్రం బోర్డంతా వంద ఎత్తులు తిరిగొచ్చినా అదే లెక్క, ఆట డ్రా. వేర్వేరు రంగుల్లో ఉంటే మాత్రం గెలుపు. బిషప్ అయితే ఈ చిక్కే లేదు, ఒక గడి అటు జరిగి ఊరుకుంటుంది.

మరి గుర్రం ఎందుకు భయపెడుతుంది? బంట్లు మూసుకుపోయిన బోర్డులో బిషప్ తాళం వేసిన గదిలో మనిషిలా ఉంటుంది, గుర్రం గోడ దూకేస్తుంది. ఇక ఎదుటివాడి బంట్లు తరమలేని గడి ఒకటి దొరికిందా, దాన్ని అక్కణ్నుంచి కదిలించడం మన తరం కాదు. 1985లో మాస్కోలో ప్రపంచ చాంపియన్‌షిప్ మ్యాచ్‌లో, అప్పటి చాంపియన్ కార్పోవ్ మీద 16వ ఆటలో, నల్లపావులతో ఆడుతూ కాస్పరోవ్ గుర్రాన్ని డి3లో దింపాడు. ఎదుటివాడి ఇంటి నడుమ! ఎనిమిది కాళ్లతో ఎనిమిది గడుల్నీ పట్టుకుని ఉన్న ఆ గుర్రాన్ని ఆక్టోపస్ అని పిలుస్తారు. కార్పోవ్ ఏనుగులకి వెళ్లడానికి చోటు లేదు. ఆ ఆట కాస్పరోవ్ గెలిచాడు, ఆ మ్యాచ్‌తోనే ప్రపంచ చాంపియన్ కూడా అయ్యాడు.

అన్నిటికంటే నా కళ్లు తెరిపించింది అమెరికన్ చెస్ ఆటగాడు లారీ కాఫ్‌మన్ లెక్క. ఆయన 1999లో పెద్ద డేటాబేస్‌లోని ఆటల్ని వడపోసి చూశాడు. ఒంటరి బిషప్, గుర్రం దాదాపు సమానమేనట. కానీ రెండు బిషప్‌లూ మన దగ్గర ఉంటే అదనంగా అరబంటు విలువ. బోర్డు మీద బంట్లు ఎక్కువయ్యేకొద్దీ గుర్రం విలువ కొంచెం పెరుగుతుంది. అంటే నేను ప్రతి ఆటలోనూ మొదట్లోనే అరబంటు దానం చేస్తున్నానన్నమాట. మనసు ప్రశాంతంగా ఉండటానికి నేను కట్టిన ఫీజు అది.

అలాగని ఇవ్వడమే తప్పని కాదు. బిషప్‌లంటే అంత ఇష్టమున్న ఫిషరే 1966లో హవానా ఒలింపియాడ్‌లో రూయ్ లోపెజ్ అనే ఆరంభంలో నాలుగో ఎత్తుకే బిషప్‌ని సి6లోని గుర్రానికి ఇచ్చేసి ఆటలు గెలిచాడు. 1914లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో కాపబ్లాంకా మీద లాస్కర్ కూడా అదే చేశాడు, ఆ ఆటలో ఆయన గుర్రం ఈ6కి వెళ్లి మేకులా దిగింది. వాళ్లు ఇచ్చింది ఎదుటివాడికి సి గీత మీద ఒకదాని వెనక ఒకటిగా ఇరుక్కునే జంటబంట్లు అంటగట్టడానికి. నేను ఇచ్చింది టెన్షన్ తట్టుకోలేక.

భయం తగ్గడానికి నాకు పనికొచ్చింది ఒక చిన్న లెక్క. గుర్రం పక్క గడిలోకి రావాలంటే మూడు ఎత్తులు కావాలి. ఐమూలగా పక్కనున్న గడికి రెండు. ఐమూలగా రెండు గడుల అవతలికి మాత్రం నాలుగు. అంటే గుర్రం డి4లో ఉంటే నా రాజుని ఎఫ్6లో పెట్టుకుంటే చాలు, చెక్ చెప్పడానికే దానికి మూడు ఎత్తులు పడుతుంది. ఐదు నిమిషాల ఆటల్లో, గడియారం పరిగెడుతున్నప్పుడు, ఇది నన్ను ఎన్నిసార్లు కాపాడిందో. గుర్రం దగ్గరికొస్తే పారిపోకుండా, సరైన చోట నిలబడటం అలవాటైంది. ఇప్పుడు గుర్రం అంటే నాకు వాహనం హారన్‌లాంటిది, ఉలిక్కిపడతాను కానీ పరిగెత్తను.

పెదనాన్న మాత్రం మారలేదు. ఇప్పుడు మేమిద్దరం ఫోన్‌లో ఆడతాం, ఎత్తుకి మూడు రోజుల గడువు పెట్టుకుని. ఆ మధ్య ఫోన్ చేసినప్పుడు కాఫ్‌మన్ లెక్క చెప్పాను. "పెదనాన్నా, మీరు ప్రతి ఆటలో అరబంటు పారేస్తున్నారు" అన్నాను. ఆయన కాసేపు ఆగి, "అరబంటు పోతే పోయింది. రాత్రి నిద్ర పడుతుందిగా" అన్నారు.

ఇప్పుడు నడుస్తున్న ఆటలో నావి నల్లపావులు. ఎప్పట్లాగే నాలుగో ఎత్తుకే ఆయన బిషప్‌ని ఇచ్చి నా సి6 గుర్రాన్ని తీసేశారు. నా దగ్గర రెండు బిషప్‌లూ ఉన్నాయి. మొన్న ఆయన గుర్రం ఎఫ్5లోకి వచ్చి కూర్చుంది, జి7 వైపు చూస్తోంది. సి8లోని నా బిషప్‌తో దాన్ని ఇప్పుడే తీసేయొచ్చు. చెయ్యి అటే పోతోంది. రెండు రోజులుగా బోర్డు తెరుస్తున్నాను, మూసేస్తున్నాను.

పొద్దున ఆయన దగ్గర్నుంచి మెసేజ్ వచ్చింది. "ఏమ్మా, నిద్ర పట్టట్లేదా?"