ఊఁ కొట్టే ‘హై’
ఆదివారం, రాత్రి 10

పొద్దున్నే బట్టలు నానబెట్టి, ల్యాప్‌టాప్ వంటింటి గట్టు మీద పెట్టుకున్నాను. కూర తరుగుతూ జపనీస్ వీడియోలు వినడం ఈ మధ్య అలవాటైంది. సబ్‌టైటిల్స్ కనపడకుండా పాత క్యాలెండర్ కాగితం చించి స్క్రీన్ కింద అంటించాను. అవి కనిపిస్తే కళ్ళు గబగబా చదివేస్తాయి, చెవి పడుకుంటుంది. జూలైలో రాసిన జపనీస్ భాషా పరీక్ష ఎన్4లో కొంప ముంచింది ఇదే. 180కి 90 దాటాయి గానీ, లిజనింగ్‌లో 60కి కనీసం 19 రావాలి, నాకొచ్చింది 17. ఫెయిల్. అక్కడ ఆడియో ఒక్కసారే వినిపిస్తారు మరి. డిసెంబరు మొదటి ఆదివారం మళ్ళీ రాయాలి, ఇప్పట్నుంచే టెన్షన్.

ఇవాళ్టి వీడియో టోక్యోలోని యనాక గిన్జా. నిప్పోరి స్టేషన్ నుంచి కాస్త నడిచి, మెట్లు దిగితే వచ్చే చిన్న బజారు. 1923 భూకంపాన్నీ, రెండో ప్రపంచ యుద్ధంలో పడ్డ బాంబులనీ చాలావరకు తప్పించుకున్న పేట కాబట్టి పాత ఇళ్ళు ఇంకా మిగిలాయి. వీడియో తీసే కుర్రాడు సెంబే అమ్మే ఒక పెద్దావిడ దగ్గర ఆగాడు. సెంబే అంటే మన చెక్కల్లాంటివే, కాకపోతే నూనెలో వేయకుండా సోయా సాస్ పూసి నిప్పుల మీద కాలుస్తారు. లోపలికొచ్చి షూట్ చేసుకోవచ్చా అని అతను నీళ్ళు నములుతూ అడుగుతుంటే, మాట మాటకీ ఆవిడ “హై... హై...” అంటోంది. హై అంటే ‘అవును’. ఒప్పేసుకుంది కదా అని నేను బీరకాయ అందుకున్నాను. తీరా తలెత్తి చూస్తే అతను వంగి నమస్కారం పెట్టి, ఒక పొట్లం కొనుక్కుని ముందుకు నడిచిపోతున్నాడు!

వెనక్కి తిప్పాను. 0.75 స్పీడ్‌లో పెడితే అందరూ మందు కొట్టి మాట్లాడుతున్నట్టుంది, మళ్ళీ మామూలు స్పీడే. నాలుగోసారికి దొరికింది. చివర్లో ఆవిడ తల కాస్త పక్కకి వాల్చి “చొత్తో...” అని సాగదీసి వదిలేసింది. పుస్తకంలో చొత్తో అంటే ‘కొంచెం’. ఇక్కడ ‘కొంచెం కష్టం బాబూ’ అని. కష్టం అనే మాట మాత్రం నోట్లోంచి రాలేదు. మరి ఆ హైలన్నీ? వింటున్నాను, చెప్పు అని. దీన్ని వాళ్ళు అయిజుచి అంటారట.

అంటే ఊఁ కొట్టడమే కదా! కథ మధ్యలో అమ్మమ్మ “ఊఁ కొట్టవేమే, నిద్రపోయావా?” అనేది. ఒబసన్ అంటే అత్త, ఒబాసన్ అంటే బామ్మ. ఇలాంటి దీర్ఘాలు తెలుగు చెవికి ఇట్టే పట్టుబడతాయని క్లాసులో తెగ మురిసిపోయాను. ఊఁ దగ్గర బోల్తా పడతానని అనుకోలేదు.

అమ్మకి చెప్తే ఆశ్చర్యపోలేదు. “మీ పెద్దనాన్నని స్థలం కాగితాలు అడిగితే అన్నిటికీ ఊఁ ఊఁ అని, ఆఖర్న చూద్దాంలే అన్నాడు. ఆ బాపతేగా” అంది.

మధ్యాహ్నమంతా అదే వీడియోలో హైలు లెక్కపెట్టాను. సాయంత్రం నాలుగింటికి బాత్‌రూమ్‌లోంచి అమ్మ కేక.

“బట్టలు పిండేశావా అంటే పొద్దున ఊఁ అన్నావు కదే!”