తాతయ్య ప్రసంగాలు పుస్తకమయ్యే దాకా

సీతాఫల్‌మండిలో మా అమ్మ ఉండే ఇంట్లో, సజ్జ మీద ఒక ఆకుపచ్చ ట్రంకు పెట్టె ఉండేది. ఇంటికి సున్నం వేయించినప్పుడల్లా దించడం, పనయ్యాక మళ్ళీ ఎక్కించడం. 2022 ఎండాకాలంలో దించినప్పుడు అడుగున చెదలు కనిపించాయి. మెదక్ దగ్గర ఒక పల్లెలో 35 ఏళ్ళు పాస్టరుగా ఉన్న మా తాతయ్య నోటు పుస్తకాలు 19, క్యాసెట్లు 11 ఉన్నాయి అందులో. రెండు నోటు పుస్తకాల అట్టలు అప్పటికే పోయాయి. పెట్టెను మళ్ళీ పైకి ఎక్కించలేదు.

ఆ పెట్టె 2024 డిసెంబరులో 352 పేజీల పుస్తకమైంది. పాస్టర్ల పిల్లలు, మనవలు ఉన్న ఇళ్ళలో ఇలాంటి పెట్టెలు ఇంకా చాలా ఉంటాయి. వాళ్ళకు పనికొస్తుందని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

ముందు క్యాసెట్ల పని పెట్టుకున్నాం. కాగితం ఇంకొన్నాళ్ళు ఆగుతుంది, టేపు ఆగదు. ఇంట్లో ఉన్న టేప్‌రికార్డరు బెల్టు సాగిపోయింది. కోఠీలో గుజరాతీ గల్లీకి తీసుకెళ్తే ఒక పెద్దాయన కొత్త బెల్టు వేసి, హెడ్డు స్పిరిట్‌తో తుడిచి, ఒక మాట చెప్పారు: “బూజు పట్టిన క్యాసెట్ని పెట్టగానే వినొద్దమ్మా. ఒకసారి చివరిదాకా చుట్టు, మళ్ళీ వెనక్కి చుట్టు. అతుక్కున్న చుట్లు విడిపోతయి.” ఆ ఒక్క మాటే మమ్మల్ని కాపాడింది. రెండు క్యాసెట్లలో టేపు వెనక ఉండే చిన్న ఫెల్టు ముక్క ఊడిపోయింది. స్క్రూలు విప్పి ఆ చక్రాలను వేరే క్యాసెట్ డబ్బాలోకి మార్చాం. ఇయర్‌ఫోన్ రంధ్రం నుంచి లాప్‌టాప్‌కి వైరు కలిపి, ఆడాసిటీ అనే సాఫ్ట్‌వేర్‌లో రికార్డు చేశాను. ఇందులో తొందరపడే వీలు లేదు, గంట క్యాసెట్‌కి గంట కూర్చోవాల్సిందే. 11లో 9 దక్కాయి.

మొదటి క్యాసెట్‌లో తాతయ్య గొంతు వినగానే అమ్మ వంటింట్లోంచి వచ్చి గుమ్మం దగ్గర నిలబడిపోయింది. 1996లో గొంతుకు ఆపరేషన్ అయ్యాక ఆయనకు మాట పోయింది. 1998లో ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయారు. అమ్మ ఆ గొంతు విని 26 ఏళ్ళు.

ఆ క్యాసెట్‌లో ఉన్నది ప్రసంగం కాదు, కథ. జాన్ బన్యన్ రాసిన యాత్రికుని ప్రయాణం. ఆదివారం సాయంత్రాల్లో పిల్లలకు, పొలం నుంచి వచ్చిన పెద్దలకు తాతయ్య దాన్ని వారానికి కొంచెం చొప్పున చెప్పేవారు. బన్యన్ అనుమతి లేకుండా ప్రసంగిస్తున్నాడని 1660లో జైల్లో వేస్తే 12 ఏళ్ళు ఉన్నాడు. పుస్తకం 1678లో వచ్చింది. తాతయ్య ఈ సంగతితోనే మొదలుపెట్టేవారు, చెప్పేవాడు ఎవరో ముందు తెలియాలి కదా అని.

ఆ కథలో ఒకచోట, సందేహపు కోటలో నిరాశ అనే రాక్షసుడు, క్రైస్తవుడు అనే పేరున్న యాత్రికుణ్ణీ అతని తోటి ప్రయాణికుణ్ణీ బుధవారం పొద్దున్నుంచి శనివారం రాత్రి దాకా చీకట్లో పడేసి ఉంచుతాడు. ఆ రాత్రి ఇద్దరూ ప్రార్థనలో ఉంటారు. ఆదివారం ఇంకా తెల్లారకముందే క్రైస్తవుడికి గుర్తొస్తుంది, తన రొమ్మున వాగ్దానం అనే తాళంచెవి ఉందని. ఆ మాట దగ్గర తాతయ్య జేబులోంచి చర్చి తాళంచెవి, ఇనుపది, జానెడు పొడవుది, తీసి బల్ల మీద పెట్టేవారు. టేపులో ఆ చప్పుడు ఉంది. టంగుమని. తర్వాత అంతా నిశ్శబ్దం. ఆ తర్వాత ఒక చంటిపిల్ల ఏడుపు. అప్పుడు తాతయ్య: “ఇన్ని దినాలు గా తాళంచెవి యాడుంది? జేబుల్నే ఉంది. జేబుల్నే.”

ఈ చప్పుడును కాగితం మీద ఎట్లా పెట్టాలి? పుస్తకం పనంతా నాకు ఈ ఒక్క ప్రశ్నే రకరకాల రూపాల్లో ఎదురైంది.

టైపు మొదలుపెట్టాక ఇంకో చిక్కు బయటపడింది. నోటు పుస్తకాల్లో తాతయ్య వేరు, క్యాసెట్లలో తాతయ్య వేరు. 1 యోహాను 3:17 మీద ఒకే ప్రసంగం రెండు చోట్లా ఉంది. నోటు పుస్తకంలో “పొరుగువాని అక్కర యెరిగియు మన హృదయమును మూసికొనినయెడల” అని పాత బైబిల్ భాష నడకలో సాగుతుంది. క్యాసెట్‌లో అదే చోట ఆయన అన్నది: “పొరుగోని పొలం ఎండితే నీ కుండల నీళ్ళు నీకు తియ్యగెట్లుంటయిరా?” రాసుకునేటప్పుడు బైబిల్ చేతిలో పట్టుకుని రాశారు. చెప్పేటప్పుడు మనిషి ముఖం చూసి చెప్పారు.

పెద్ద మామయ్యకు క్యాసెట్ల భాష అచ్చులో పెట్టడం ఇష్టం లేదు. “నాన్న చదువుకున్న మనిషి. చదివేవాళ్ళు ఏమనుకుంటారు? అంతా ఒకే భాషలోకి మార్చు” అన్నారు. ఆయన బాధ నాకు అర్థమైంది. మన పల్లె మాట బడిలో తప్పుగా, సినిమాలో నవ్వులాటగా ఉన్న రోజుల్లో పెరిగిన మనిషి ఆయన. తండ్రి పేరు అచ్చులో నిటారుగా నిలబడాలని ఆయన కోరిక. తన మాటకు బలంగా పంతొమ్మిదో శతాబ్దపు ఇంగ్లీషు ప్రసంగీకుడు స్పర్జన్‌ను తెచ్చారు. లండన్‌లో స్పర్జన్ చెప్పిందాన్ని పొట్టిరాతలో, అంటే షార్ట్‌హ్యాండ్‌లో, రాసుకునేవాళ్ళు, సోమవారం ఆయన కూర్చుని దిద్దేవాడు, ఆ వారంలోనే పెన్నీకి ఒకటి చొప్పున అమ్మేవాళ్ళు. 1855లో మొదలైన ఆ వరస, 1892లో ఆయన చనిపోయాక కూడా ఆగలేదు. 1917లో యుద్ధం వల్ల కాగితానికి కరువొచ్చేదాకా వస్తూనే ఉంది. మొత్తం 63 సంపుటాలు. “అంతటివాడే దిద్దుకున్నాడు” అన్నారు మామయ్య.

నిజమే, కానీ ఆయన మాటలు ఆయనే దిద్దుకున్నాడు. తాతయ్య మాటలు దిద్దడానికి తాతయ్య లేరు. ఆయన స్థానంలో నేను కూర్చుని దిద్దితే అచ్చయ్యేది నా ప్రసంగమే. ఇదే మాట మామయ్యతో అన్నాను. ఆయన రెండు వారాలు ఫోన్ ఎత్తలేదు. చివరికి నేను క్యాసెట్ తీసుకుని మల్కాజిగిరిలో వాళ్ళింటికి వెళ్ళి, తాళంచెవి చోటు వినిపించాను. విని, కళ్ళద్దాలు తుడుచుకుని, “జేబుల్నే అనే ఉంచు” అన్నారు.

పుస్తకాన్ని అట్లా భాగాలుగా విడగొట్టాం. రాసిన ప్రసంగాలు రాసినట్టు, చెప్పినవి చెప్పినట్టు. ఒకదాన్ని ఇంకోదాంట్లో కలపలేదు. తాళంచెవి దగ్గర పక్కన చిన్న వాలు అక్షరాల్లో “తాళంచెవిని బల్ల మీద పెట్టారు” అని వేశాం. అంతకంటే మంచి దారి నాకు దొరకలేదు.

క్యాసెట్ ప్రసంగాలు రాయడానికి గంటకు ఆరేడు గంటలు పట్టింది. ఫోన్‌లో వాయిస్ టైపింగ్ పట్టణం మాటను బాగానే పట్టుకుంటుంది కానీ, గట్ల, గిట్ల, మెల్కీసెదెకు దగ్గర చేతులెత్తేసింది. వచనాలన్నీ బైబిల్‌తో పోల్చి చూస్తే 27 చోట్ల అధ్యాయమో సంఖ్యో తప్పు. తాతయ్య జ్ఞాపకం నుంచి చెప్పేవారు. పైన ఆయన మాట ముట్టుకోకుండా పేజీ అడుగున సరైన సంఖ్య ఇచ్చాం.

నోటు పుస్తకాల్లో నన్ను నిద్రపోనివ్వని సంగతి ఒకటి ఉంది. ఏడో పుస్తకంలో లూకా 14:23 మీద ప్రసంగం. మిగతావాటికంటే పొడుగు, వాక్యాల నడక కూడా వేరు. అనుమానం వచ్చి వెతికితే, అదే వచనం మీద స్పర్జన్ 1858లో చెప్పినదాంతో పేరా పేరా సరిపోయింది. అది అనువాదం. అంచున చిన్న అక్షరాల్లో “స్ప.” అని తాతయ్యే రాసుకున్నారు, నేనే మొదట చూడలేదు. ఆయన దాచలేదు. పల్లెలో పుస్తకాలు లేని చోట ఆదివారానికి ఆదివారం వాక్యం చెప్పాల్సిన మనిషి, తనకు దొరికిన మంచి భోజనాన్ని తెలుగు చేసి పెట్టారు. కానీ అచ్చులో తాతయ్య పేరు కింద దాన్ని వేస్తే అది అబద్ధమవుతుంది. తీసేస్తే అంత మంచి తెలుగు పోతుంది. స్పర్జన్ పేరుతో, అనువాదం తాతయ్యదని చెప్పి అనుబంధంలో పెట్టాం. సంకలనాలు చేసేవాళ్ళు ఈ పరీక్ష తప్పకుండా చేయాలి. ప్రసంగాల్లో పిట్టకథలు చేతులు మారుతూనే ఉంటాయి, అది తప్పు కాదు. అచ్చు వేసేటప్పుడు మాత్రం ఎవరిది ఎవరిదో చెప్పాలి.

పంతొమ్మిదో నోటు పుస్తకం ఆపరేషన్ తర్వాతది. అందులో 8 ప్రసంగాలున్నాయి, ఒక్కటీ ఎవరూ వినలేదు. పైన తేదీ, వచనం, “సంఘమునకు” అన్న మాట, ఎప్పటిలాగే. గొంతు లేకపోయినా శనివారం రాత్రి ఆయన రేపటికి సిద్ధపడటం మానలేదు. ఇవి టైపు చేస్తుంటే స్కాట్లండ్ పాస్టరు, రచయిత జార్జ్ మెక్‌డొనాల్డ్ గుర్తొచ్చాడు. సంఘంతో పొసగక 1853లో వేదిక వదులుకుని, తర్వాత నవలలు, పిల్లల కథలు రాసి బతికాడు. 1867 నుంచి మూడు విడతలుగా ఆయన అచ్చు వేసిన ప్రసంగాలకు పేరే “చెప్పని ప్రసంగాలు” అన్న అర్థం వచ్చేది. మా పుస్తకంలో చివరి భాగానికి అదే పేరు పెట్టి, ఎక్కడి నుంచి తీసుకున్నామో ముందుమాటలో రాశాను.

హక్కుల సంగతి చాలామంది పట్టించుకోరు. మన చట్టం ప్రకారం రచయిత చనిపోయాక తర్వాతి సంవత్సరం నుంచి 60 ఏళ్ళు హక్కు వారసులది. అంటే తాతయ్య రాతల మీద కనీసం 2058 చివరి దాకా ఆయన పిల్లలకు హక్కుంది. నేను మనవరాలినైనా నా ఇష్టానికి వేయడానికి లేదు. అమ్మ, మామయ్యలిద్దరు, చిన్నమ్మ నలుగురి సంతకాలతో ఒక కాగితం రాయించుకున్నాను. బన్యన్ పుస్తకం ఎవరైనా వేసుకోవచ్చు, కానీ దాని తెలుగు అనువాదం మీద అనువాదకుల హక్కు వేరే లెక్క. తాతయ్య ఒక అచ్చు అనువాదం నుంచి నోటు పుస్తకంలోకి ఎత్తి రాసుకున్న పేజీలు కొన్ని ఉన్నాయి. అవి తీసేసి, టేపులో ఆయన సొంతంగా చెప్పిందే ఉంచాం.

పుస్తకానికి ఇచ్చే గుర్తింపు సంఖ్య, ఐఎస్‌బీఎన్‌కి ఒకాయన నాలుగు వేలు అడిగారు. దానికి రుసుమే లేదు. రాజా రామ్మోహన్ రాయ్ జాతీయ ఏజెన్సీ వెబ్‌సైటులో సొంతంగా ప్రచురించుకునే వ్యక్తి కూడా నేరుగా దరఖాస్తు పెట్టుకోవచ్చు. నేను అట్లాగే తెచ్చుకున్నాను.

పేజీలు చిక్కడపల్లిలో కట్టించాం. నేను యూనికోడ్‌లో టైపు చేశాను. అక్కడ పేజ్‌మేకర్‌లో అను ఫాంటుకు మారిస్తే ఒత్తులు ఎగిరిపోయాయి. మూడు వందల పేజీల్లో వాటిని వెతకడం కంటే నయమని, ఇన్‌డిజైన్‌లో యూనికోడ్‌తోనే మొదటి నుంచి కట్టమని అడిగాను. డీటీపీ చేసే అమ్మాయి ఓపికగా మళ్ళీ కట్టింది. ప్రూఫులు మూడుసార్లు చూశాం. అమ్మ గట్టిగా చదివేది, నేను మూలం చూసేదాన్ని. కంటికి దొరకని తప్పు చెవికి దొరుకుతుంది.

అంతా అయ్యాక లెక్క 341 పేజీలు. డెమ్మీ సైజులో ఫారానికి 16 పేజీలు, 21 ఫారాలంటే 336. ఐదు పేజీలు ఎక్కువ. ప్రెస్సు ఆయన అక్షరం కొంచెం తగ్గిద్దామన్నారు. చదివేది అరవై దాటినవాళ్ళు, అక్షరం తగ్గించడానికి నాకు మనసొప్పలేదు. 22 ఫారాలకు పెంచి, మిగిలిన 11 పేజీల్లో వచన సూచిక వేశాం. ఏ వచనం మీద ఏ పేజీలో మాట్లాడారో అందులో ఉంటుంది. ఇప్పుడు పాస్టర్లు ఎక్కువగా వాడేది ఆ 11 పేజీలే. 70 జీఎస్ఎం నేచురల్ షేడ్ కాగితం, కుట్టు బైండింగు, 500 కాపీలు, కాపీ 118 రూపాయలు పడింది. జిగురు బైండింగు చవక, కానీ బల్ల మీద తెరిచి పెట్టి చదివే పుస్తకానికి కుట్టే ఉండాలి.

పుస్తకం వచ్చిన 30 రోజుల్లోపు కోల్‌కతా జాతీయ గ్రంథాలయానికి, చెన్నై, ముంబై, ఢిల్లీలో ఒక్కో గ్రంథాలయానికి కాపీ పంపాలని 1954 చట్టం ఉంది. నాలుగు పార్శిళ్ళు కట్టాను. చెదలు పడితే మా ఇంట్లోది పోవచ్చు, ఇంకో నాలుగు ఊళ్ళలో ఉంటుంది.

క్రిస్మస్ ముందు ఆదివారం తాతయ్య పల్లెలో పంచాం. ఒక ప్రసంగం మాత్రం సగమే అచ్చయింది. లూకా 15లో పెద్ద కొడుకు గురించి. “తండ్రి బయటికొచ్చిండు. ఎవరి కోసం? ఇంట్లనే ఉండి దూరమైనోని కోసం. గప్పుడు పెద్దోడు ఏమన్నడంటే” అని టేపు ఆగిపోయింది. “టేపు ఇక్కడితో అయిపోయింది” అని కింద వేశాం. ఆ క్యాసెట్ మీద “1” అని రాసి ఉంటే వరస సంఖ్య అనుకున్నాను.

మొన్న ఈస్టరు ఆరాధన అయ్యాక ఒక రిటైర్డ్ టీచరమ్మ నా దగ్గరికొచ్చారు. పుస్తకంలో ఆ పేజీ వేలు పెట్టి పట్టుకుని ఉన్నారు. చేతిసంచిలోంచి గుడ్డలో చుట్టిన క్యాసెట్ తీసి ఇచ్చారు. “గా దినం రికార్డు చేసింది మా ఆయననే బిడ్డా. టేపు అయిపోతే ఇంకోటి ఏసిండు.” దాని మీద “2” అని ఉంది.

ఇంటికొచ్చి ఒకసారి చివరిదాకా చుట్టాను, మళ్ళీ వెనక్కి చుట్టాను. ఇప్పుడది నా బల్ల మీద ఉంది. శనివారం టైపు మొదలుపెడతాను.