మేత బస్తా మోసే బండికి కొత్త ముందు స్ప్రింగులు

రొయ్యల చెరువుల దగ్గర మేత బస్తాని పెట్రోలు ట్యాంకు మీదే పెట్టుకుని తిరుగుతాం. గట్టు మీద బండి తిప్పుకోడానికి అదే వీలు. బస్తా 25 కిలోలు. ఆ బరువుకి నా పాత 150 సీసీ బండి ముందు షాకబ్జర్లు ఎప్పుడూ సగం దిగిపోయే ఉండేవి. పాలకొల్లు, నరసాపురం మధ్య కాలవగట్టు రోడ్లు తెలిసినవే కదా! కింద నల్లమట్టి వానకి ఉబ్బి, ఎండకి కుంగి, పైన తారు అలలు తేలిపోతుంది. గుంటలో పడ్డప్పుడల్లా ఆ షాకబ్జర్ల జత, అంటే ఫోర్కు, అడుక్కి కొట్టేసేది.

మా మెకానిక్ తేలిగ్గా తీసేశాడు. "ఆయ్, దానికేవుందండీ, స్ప్రింగు మీద పైపు ముక్క పెట్టేస్తే సరిపోద్ది."

ఇక్కడ అందరూ చేయించేది అదే. నాకు మాత్రం నచ్చలేదు. పైపు ముక్కతో బండి ముందుభాగం లేస్తుందేగానీ స్ప్రింగు గట్టిదనం పెరగదు. బస్తా దించేశాక ఫోర్కు పూర్తిగా సాగి పైన టక్కుటక్కుమంటుంది కూడా.

ముందు కొలిచాం. ఫోర్కు మొత్తం కదలిక 130 మి.మీ. నేనూ బస్తా ఎక్కితే అందులో 58 అయిపోతోంది. మూడో వంతు, అంటే 43 దరిదాపుల్లో ఉండాలి. పాత స్ప్రింగు తీగ మందం 4 మి.మీ. అసలు కిటుకంతా ఈ తీగలోనే ఉంది. మిగతా కొలతలు అలాగే ఉంచి 4.2 తీగతో చుడితే గట్టిదనం 21 శాతం పైనే పెరుగుతుంది, ఎందుకంటే అది మందం నాలుగో ఘాతాన్ని బట్టి మారుతుంది.

విజయవాడ ఆటోనగర్‌లో స్ప్రింగులు చుట్టే పెద్దాయన అడిగిన మొదటి ప్రశ్నకే ఆయన మీద గురి కుదిరింది. "అన్ని చుట్లూ కలిసిపోతే ఎంత పొడుగొస్తదో చూశారా?" 52 చుట్లకి 218 మి.మీ. స్ప్రింగు పొడవు 385. మిగిలేది 167. ఫోర్కు కదలిక 130, బిగింపులో ముందే నొక్కుకునేది 25, కలిపి 155. సరిపోయింది. చుట్టాక కొలిమిలో తగుమాత్రం వేడి చేసి, చివరలు చదునుగా రుద్ది, ప్రెస్సులో పూర్తిగా నొక్కి వదిలాడు. దిగాల్సిన కాస్తా అక్కడే దిగిపోవాలని ముందే కొంచెం పొడుగ్గా చుట్టాడట.

బిగించడం పెద్ద పనేం కాదు. ఇంజను కింద జాకీ పెట్టి ముందు చక్రం లేపాలి. పైన గొట్టాన్ని పట్టే బోల్టు వదులు చేశాకే మూత తిప్పాలి. ఆఖరి మరల దగ్గర అరచేత్తో గట్టిగా అదిమి పట్టకపోతే మూత మొహమ్మీదకి ఎగురుతుంది.

ఆయిలు దగ్గర మాత్రం తొందర పనికిరాదు. లావు తీగ కొంచెం ఎక్కువ చోటు తీసుకుంటుంది, కాబట్టి సీసా కొలతని నమ్మకుండా, స్ప్రింగు లేకుండా ఫోర్కు పూర్తిగా దించి, గొట్టం అంచు నుంచి ఆయిలు దాకా స్కేలుతో చూసి రెండు వైపులా సమానం చేశాం. మొదట 10 నంబరు పోశాం. గుంట దాటాక హ్యాండిల్ పైకి తన్నింది. ఇంకా చిక్కనిది, 15 నంబరు, పోస్తే కుదురుకుంది.

ఇప్పుడు బస్తాతో 44 దిగుతోంది. లాకుల వంతెన దిగుతూ బ్రేకు నొక్కినా అడుక్కి కొట్టడం లేదు. ఖాళీగా ఒక్కణ్ణే వెళ్తే చిన్న గతుకులు చేతులకి తెలుస్తాయి. ఖాళీగా తిరిగేది తక్కువే కాబట్టి నాకది ఇబ్బందనిపించలేదు.