పండుగ కన్నా ముందు ఇంటికి చేరవలసిన కబురు

ఒకటి, రెండు తరగతులకు పాఠాలు చెప్పేవారికి తరగతిలో పండుగ జరపడం కన్నా, ఆ పండుగ గురించి ఇళ్ళకు సరిగ్గా కబురు చేర్చడమే పెద్ద పని. పెద్ద తరగతుల పిల్లలు నోటీసు రాసుకొని వెళ్ళి ఇంట్లో చదివి వినిపిస్తారు గానీ, ఆరేళ్ళ పిల్లల నోట పంపిన మాట ఇల్లు చేరేసరికి వేరే రూపం దాల్చుతుంది. పూలు తెమ్మని చెబితే పూల గౌను వేసుకురమ్మన్నారని చెప్పిన అమ్మాయి, దానికోసం రాత్రికి రాత్రి పక్కింటివారి గౌను అడిగి తెచ్చిన తల్లి మా బడిలోనే ఉన్నారు.

తెలంగాణలో ఒక మండల కేంద్రానికి దగ్గరగా ఉన్న మా సర్కారు బడికి వచ్చే పిల్లల తల్లిదండ్రులు ఎక్కువగా పొలం పనులకో, మేస్త్రీ పనులకో వెళ్ళేవారు. తరగతికి వాట్సాప్ గ్రూపు ఉంది. అయితే ఇంట్లో ఉన్న ఒక్క ఫోను తండ్రి జేబులో పనికి వెళ్తుంది, తల్లికి ఆ సందేశం చదివి చెప్పేవారు ఒక్కోసారి ఉండరు. అందుకని టైపు చేసిన సందేశాల స్థానంలో, అందరూ పని నుంచి తిరిగివచ్చి అన్నాలు తినే వేళకు, నిమిషం దాటని వాయిస్ మెసేజ్ పంపుతున్నాను. ఏ రోజు, ఎన్ని గంటలకు, ఏం తేవాలి, ముఖ్యంగా ఏం కొనకూడదు అన్న నాలుగు సంగతులే అందులో ఉంటాయి. తండా నుంచి వచ్చే పిల్లల ఇళ్ళకు అదే మాటను లంబాడీ భాషలో చెప్పి పంపడానికి ఒక తల్లి ఒప్పుకున్నారు. ఆమె గొంతు వినిపించిన రోజు తండా నుంచి వచ్చే జవాబులు నా సందేశానికి వచ్చేవాటికన్నా ఎక్కువ.

బతుకమ్మను 2014లో రాష్ట్ర పండుగగా ప్రకటించారు. మొదటి రోజైన ఎంగిలిపూల బతుకమ్మ మహాలయ అమావాస్యనాడు వస్తుంది, దాదాపు అప్పటికే దసరా సెలవులు మొదలవుతాయి కనుక, మేము సెలవులకు ముందే బడిలో ఆడిస్తాము. కొత్త బట్టలు అక్కర లేదని, చేను గట్టున గునుగు, తంగేడు దొరికినవారు గుప్పెడు పంపితే చాలని, దొరకనివారు పిల్లలను పంపితే అదే చాలని, పేర్చడం వచ్చిన నాయనమ్మో అమ్మమ్మో ఒక గంట వచ్చి కూర్చోవాలని కబురు పెడతాము. వచ్చిన పెద్దమ్మ తాంబాళంలో గుమ్మడాకులు పరచి, గునుగు కాడలను ఒకే పొడవుకు కోసి, రంగునీళ్ళలో ముంచి ఆరబెట్టిన పూలను వరుస మీద వరుసగా గుండ్రంగా పేరుస్తుంది. కోసిన కాడలను, ఆకులను నడుమ కూరి, వరుసలు కూలకుండా నిలబెడుతుంది. పైకి పోయేకొద్దీ చుట్టు చిన్నదవుతుందని, ఒక్కో వరుసకు పూలు తక్కువ పడతాయని రెండో తరగతి పిల్లలు లెక్కబెట్టి చూస్తూ తమంతట తామే కనిపెడతారు.

ఈ పూల చుట్టూ కూర్చున్నప్పుడే నాకు పిల్లల ఇళ్ళ సంగతులు తెలుస్తాయి. తల్లిదండ్రుల సమావేశంలో గుమ్మం దగ్గరే నిలబడి, ప్రోగ్రెస్ కార్డు మీద సంతకమో వేలిముద్రో పెట్టి, "మీరే చూసుకోవాలె సారూ" అని వెళ్ళిపోయే తల్లి, చేతిలో పని ఉన్నప్పుడు బిడ్డ రాత్రుళ్ళు ఎందుకు నిద్రపోవడం లేదో, ఎవరి దగ్గర కూర్చోవడానికి భయపడుతుందో తీరికగా చెబుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2024 డిసెంబరు 7న అన్ని సర్కారు బడుల్లో జరిపిన మెగా తల్లిదండ్రుల సమావేశంలో తల్లులకు ముగ్గుల పోటీలు, తండ్రులకు తాడులాట పెట్టినప్పుడు, చదువుల మాట వదిలి ఆటలేమిటని నవ్వినవారు ఉన్నారు. నాకు మాత్రం ఆ ఆలోచన తప్పుగా తోచలేదు. విద్యాహక్కు చట్టం పాఠశాల యాజమాన్య కమిటీలో కనీసం ముప్పాతిక వంతు మంది తల్లిదండ్రులో సంరక్షకులో ఉండాలన్నది నిజమే గానీ, కుర్చీ వేసినంత మాత్రాన నోరు విప్పలేని మనిషికి బడి ఆవరణ ముందుగా అలవాటు కావాలి కదా.

వేషాల విషయంలో నాది గట్టి పట్టు. కృష్ణాష్టమికి అద్దె కిరీటాలు, పిల్లనగ్రోవులు తెప్పించే అలవాటు ప్రైవేటు బడుల నుంచి మా దాకా వస్తోంది. రోజు కూలీలో సగం కిరాయికి పోయే ఇల్లు ఆ వేడుకను తలచుకొని భయపడుతుందే తప్ప సంతోషించదు. బాలల దినోత్సవానికి కావలసిన గులాబీలను మేము తరగతిలోనే ఎర్ర కాగితంతో చేసుకుంటాము.

పుట్టినరోజు చాక్లెట్లది ఇంకో చిక్కు. కొందరు అందరికీ పంచుతారు, కొందరి పిల్లలు ఆ రోజు బడికే రారు. (రికార్డుల ప్రకారం మా పిల్లల్లో జూన్‌లో పుట్టినవారు అనుమానం కలిగేంత ఎక్కువ, బడిలో చేర్చే వేళకు వయసు సరిపోయేలా రాయించిన తేదీలవి. అసలు తేదీ కోసం ఇంట్లోనే అడగాలి.) ఇప్పుడు ఎవరి పుట్టినరోజైనా మధ్యాహ్న భోజనం గంట ఆ పిల్లవాడే కొడతాడు, వడ్డనలో మొదటి పళ్ళెం వాడిదే, చాక్లెట్లు ఇంటి దగ్గరే పంచుకోవాలి. ఈ నియమం చెప్పినప్పుడు ఇద్దరు ముగ్గురు తల్లులు నొచ్చుకున్నారు, వారి ముచ్చటనూ కాదనలేను. అయినా బడి తెరిచిన మొదటి వారంలోనే దీన్ని చెబుతాను. ఫొటోలు గ్రూపులో పెట్టవచ్చా, బొట్టు పెట్టవచ్చా, ఆటలో నిలబెట్టవచ్చా అన్నవి కూడా ప్రతి ఇంటినీ అప్పుడే విడిగా అడిగి, హాజరుపట్టీ వెనుక పేజీలో పిల్లల పేర్ల పక్కన రాసి పెట్టుకుంటాను.